అలలను విడదీసిన లెక్క

తంబురా తీగను మీటినప్పుడు వినవచ్చే నాదం ఒక్కటే అనిపిస్తుంది. సంగీతం తెలిసిన చెవి మాత్రం అందులోని మూలస్వరాన్నీ, దానితో కలిసి పలికే అతిస్వరాలనూ వేరువేరుగా పోల్చుకుంటుంది. తిరునాళ్ళ సందడిలో తప్పిపోయిన బిడ్డ ఏడుపును తల్లి పట్టుకోగలగడం కూడా ఇటువంటిదే. అనేక ధ్వనుల కలగలుపులోనుంచి తనకు కావలసినదానిని చెవి ఏరుకుంటుంది. ఈ పనిని యంత్రం చేత చేయించడం ఎలా అన్న ప్రశ్న ఇరవయ్యో శతాబ్దంలో విజ్ఞానశాస్త్రానికే కాక దేశరక్షణకు కూడా ముఖ్యమైంది. దానికి సమాధానాన్ని కంప్యూటరు భాషలోకి దించినవాడు జేమ్స్ విలియం కూలీ. ఆ ఇంటిపేరు తెలుగు చెవికి మరొకలా వినిపిస్తుంది. ఆయన పట్ల అది పూర్తిగా అన్యాయమూ కాదు. ఇతరులు అప్పగించిన లెక్కలను యంత్రానికి అర్థమయ్యేలా రాసిపెట్టడమే ఆయన జీవితకాలపు వృత్తి.

కూలీ 1926లో జన్మించాడు. గణితం చదివి, 1953 నుంచి 1956 వరకు ప్రిన్స్‌టన్‌లోని ఉన్నత అధ్యయన సంస్థలో జాన్ వాన్ నాయ్‌మన్ నిర్మింపజేసిన కంప్యూటరుపై ప్రోగ్రామరుగా పనిచేశాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అన్న ఉద్యోగనామం అప్పటికి పుట్టనేలేదు. 1961లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొంది, మరుసటి ఏడాది ఐ.బి.ఎం. వారి వాట్సన్ పరిశోధన కేంద్రంలో చేరాడు.

ఆనాటి ప్రపంచ పరిస్థితిని కొంత తెలుసుకుంటే తప్ప ఆయన చేసిన పని విలువ తెలియదు. 1963 ఆగస్టులో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ మాస్కోలో పాక్షిక అణుపరీక్షల నిషేధ ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలు జరపరాదు. భూగర్భ పరీక్షలను మాత్రం నిషేధించలేకపోయారు. ఒక దేశం మాట తప్పి నేల అడుగున బాంబు పేల్చితే రెండో దేశానికి తెలిసేదెలా? తనిఖీ అధికారులను తమ గడ్డపై తిరగనిచ్చే విషయంలో ఇరుపక్షాలకూ పొత్తు కుదరలేదు. దూరాన ఉన్న భూకంపలేఖినులు నమోదు చేసిన ప్రకంపనలను విశ్లేషించి, ఇది భూకంపం, ఇది విస్ఫోటనం అని తేల్చగలిగితే తనిఖీల అవసరమే తగ్గుతుంది.

సముద్రంలోనూ ఇదే చిక్కు. నీటిలో కాంతి ఎంతో దూరం పోదు, రేడియో తరంగాలూ అంతే. ధ్వని మాత్రం గాలిలోకన్న నాలుగు రెట్లు మించిన వేగంతో, సెకనుకు సుమారు 1,500 మీటర్ల చొప్పున, వందల మైళ్ళు ప్రయాణిస్తుంది. జలాంతర్గామిలోని యంత్రాలు, చోదక చక్రం నిలకడైన వేగంతో తిరుగుతాయి కనుక వాటి ధ్వనికి నిర్ణీతమైన పౌనఃపున్యాలుంటాయి. అలల హోరులో చెవికి అందని ఆ సన్నని ధ్వని, పౌనఃపున్యాల వారీగా విడదీసి చూస్తే ఒక గీతలా నిలబడి కనిపిస్తుంది.

ఎంత చిక్కుపడిన తరంగమైనా సరళమైన తరంగాల మొత్తమేనన్న సూత్రాన్ని ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్ 1822లో వెలువడిన తన గ్రంథంలో నిలబెట్టాడు. సూత్రం ఉంది. లెక్క చేయడమే దుర్భరం. తరంగం నుంచి 1,024 కొలతలు తీసుకుంటే, ప్రతి పౌనఃపున్యానికీ అన్ని కొలతలనూ గుణించి కూడాలి. అంటే 1,024ను 1,024తో హెచ్చించినన్ని, 10,48,576 గుణకారాలు. కొలతలు రెట్టింపైతే శ్రమ నాలుగింతలవుతుంది.

అధ్యక్షుడు కెనడీకి విజ్ఞానశాస్త్ర విషయాలలో సలహాలిచ్చే సంఘంలో జాన్ ట్యూకీ అనే గణితవేత్త సభ్యుడు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటను కంప్యూటర్ల విషయంలో తొలినాళ్ళలో, 1958లోనే, అచ్చులో వాడినవారిలో ఈయన ఒకడు. సంఘ సమావేశంలో ట్యూకీ కాగితంపై ఏదో గణించుకుంటూ ఉండగా పక్కనున్న రిచర్డ్ గార్విన్ గమనించాడు. గార్విన్ భౌతికశాస్త్రవేత్త. 1952లో అమెరికా పేల్చిన తొలి హైడ్రోజన్ బాంబు రూపకల్పన చేసినవాడు. అణుపరీక్షలను అదుపులో పెట్టాలని తపించినవాడూ ఆయనే. ట్యూకీ చెప్పిన ఉపాయం వినగానే దాని అవసరం ఆయనకు స్ఫురించింది. దానిని యంత్రం మీదికి ఎక్కించే మనిషి కోసం వెదికి, ఐ.బి.ఎం.లో కొత్తగా చేరిన కూలీని పట్టుకున్నాడు.

అయితే అసలు కారణం చెప్పలేదు. హీలియం-3 స్ఫటికంలో పరమాణువుల స్పిన్ల అమరికను లెక్కించాలని మాత్రమే చెప్పాడు. కూలీకి అది అంత ముఖ్యమైన పనిగా తోచలేదు. తన సొంత పరిశోధనలో మునిగి దానిని పక్కన పెట్టాడు. గార్విన్ వదలక వెంటపడగా చివరకు ప్రోగ్రాము రాసి ఇచ్చాడు. భూగర్భ పరీక్షలు, జలాంతర్గాములు దీని వెనుక ఉన్నాయన్న సంగతి ఆయనకు తరువాత గాని తెలియలేదు. రక్షణ పరిశోధనలో ఇది అరుదైన విషయం కాదు. ఇటుకలు పేర్చేవానికి కట్టడం పటం చూపని సందర్భాలు ఆ రంగంలో అనేకం.

ఇంతకూ ఆ ఉపాయం ఏమిటి? 1,024 కొలతలను సరిస్థానాలలోనివి 512, బేసిస్థానాలలోనివి 512గా విడదీయాలి. ఒక్కొక్క సగానికి 512ను 512తో హెచ్చించినన్ని గుణకారాలు చాలు. రెండు సగాలకూ కలిపి 5,24,288. అంటే శ్రమ సగమైంది. బేసి భాగపు ఫలితాన్ని ఒక గుణకంతో హెచ్చించి, సరి భాగపు ఫలితానికి ఒకసారి కలిపి, మరొకసారి దానినుంచి తీసివేస్తే పూర్తి సమాధానం వస్తుంది. ఒకే గుణకారం రెండు విధాల అక్కరకు వస్తుందన్నమాట. ఇక 512ను మాత్రం మళ్ళీ ఎందుకు విడదీయరాదు? 256, 128, 64... ఇలా పది మెట్లు దిగితే ఒక్కొక్క కొలతే మిగులుతుంది. మెట్టుకు సుమారు 1,024 చొప్పున మొత్తం 10,240 గుణకారాలు. శ్రమ నూరోవంతుకు దిగింది.

కొలతల సంఖ్య పెరిగేకొద్దీ ఈ తేడా విస్మయం కలిగిస్తుంది. 10,48,576 కొలతలున్నాయనుకొందాం. సెకనుకు లక్ష గుణకారాలు చేయగల యంత్రానికి పాత పద్ధతిలో నాలుగు నెలలకు పైగా పడుతుంది. కొత్త పద్ధతిలో మూడున్నర నిమిషాలు. ఇందులో యంత్రం వేగం ఏమాత్రం మారలేదు. మారింది లెక్క చేసే తీరు మాత్రమే.

ఈ పద్ధతిపై హక్కు ఎవరిదన్న చర్చ ఐ.బి.ఎం.లో జరిగింది. ఎవరూ దీనిపై పేటెంటు పొందకుండా వెంటనే ప్రచురించి లోకానికి వదలడమే మేలని సంస్థ నిర్ణయించింది. ఇందులో ఔదార్యంతో పాటు వ్యాపారదృష్టి కూడా లేకపోలేదు. లెక్క తేలికైతే కంప్యూటర్లు కొనేవారు పెరుగుతారు గదా! 1965 ఏప్రిల్‌లో కూలీ, ట్యూకీల పేర్లతో అయిదు పుటల వ్యాసం వెలువడింది. ‘ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫాం’ అన్న పేరుతో ఆ పద్ధతి అనతికాలంలోనే అంతటా వ్యాపించింది. తరువాత ఐ.ఇ.ఇ.ఇ. సంస్థకు చెందిన ధ్వనిశాస్త్ర విభాగం న్యూయార్క్ రాష్ట్రంలోని ఆర్డెన్ హౌస్‌లో దీనిపై సదస్సు ఏర్పాటు చేసింది. వాక్కు, సంగీతం, సోనార్, భూకంప శాస్త్రం అన్న భేదం లేకుండా తరంగాలతో పనిపడినవారందరికీ ఇది సాధనమైంది. కూలీ ఆ సదస్సులలో పాల్గొంటూ, సహోద్యోగులతో కలిసి వ్యాసాలు రాస్తూ ఈ విద్యను నేర్పేవాడుగా స్థిరపడ్డాడు.

తీరా చూస్తే ఈ ఉపాయం కొత్తది కాదు. 1984లో ముగ్గురు పరిశోధకులు పాత గ్రంథాలు తిరగవేయగా, జర్మన్ గణితవేత్త గౌస్ 1805 ప్రాంతంలోనే గ్రహశకలాల కక్ష్యలను గణించడానికి ఇటువంటి పద్ధతిని లాటిన్‌లో రాసిపెట్టుకున్నట్లు తేలింది. ఆయన మరణానంతరం 1866లో అది అచ్చయినా అంతగా ఎవరి దృష్టికీ రాలేదు. చేత్తో లెక్కలు చేసే కాలంలో దాని అవసరం తెలిసినవారు కొద్దిమంది. మన తాళపత్ర భాండాగారాలలో పనిచేసినవారికి ఈ అనుభవం కొత్త కాదు. గ్రంథం ఉన్నంత మాత్రాన చాలదు, దానిని అడిగే కాలం రావాలి.

ఈ కథలో భారతీయులకు కూడా స్థానం ఉంది. 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు కలిసి ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫాం’ అనే సోదరపద్ధతిని ప్రకటించారు. సెల్‌ఫోనులో తీసే ఛాయాచిత్రం జేపెగ్ రూపంలో కొద్దిచోటులో ఇమిడేది దానివల్లనే.

కూలీ 1991లో ఐ.బి.ఎం. నుంచి విరమించి రోడ్ ఐలాండ్ విశ్వవిద్యాలయంలో బోధన సాగించాడు. 2002లో సంకేత విశ్లేషణ రంగానికిచ్చే జాక్ కిల్బీ పతకం ఆయనకు లభించింది. 2016 జూన్‌లో, ఎనభై తొమ్మిదేళ్ళ వయస్సులో మరణించాడు.

గార్విన్ కోరుకున్న నిఘా వ్యవస్థ కూడా కాలక్రమంలో ఏర్పడింది. 1996 నాటి సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం అమలులోకి రాకపోయినా, దానికోసం భూమిలోను, గాలిలోను, సముద్రంలోను ధ్వనులను ఆలకించే కేంద్రాలు నెలకొన్నాయి. 2006 అక్టోబరులో ఉత్తర కొరియా జరిపిన భూగర్భ పరీక్షను భూకంప కేంద్రాలు వెంటనే పసిగట్టాయి. సముద్ర కేంద్రాలలో నమోదైనవి విస్ఫోటనాలే కావు. ఏళ్ళ తరబడి పోగుపడిన ఆ ధ్వనులను విశ్లేషించిన శాస్త్రవేత్తలు, హిందూ మహాసముద్రంలో అంతవరకు ఎవరికీ తెలియని ఒక నీలి తిమింగలాల సమూహాన్ని, కేవలం వాటి పాటను బట్టి, 2021లో లోకానికి తెలియజేశారు.