మేస్త్రిని పిలవవలసిన వేళ

ఢిల్లీలో ప్రభుత్వ క్వార్టరులో కాపురముండే విలేఖరికి కొన్ని లోకవ్యవహారాలు ఎన్నటికీ తెలిసిరావు. కుళాయి కారినా, ఫ్యూజు పోయినా, గోడ చెమ్మగిల్లినా కేంద్ర ప్రజాపనుల శాఖ వారి ఎంక్వయిరీ ఆఫీసులో ఫిర్యాదు నమోదు చేయించడం, ఆపైన ఎదురుచూడడం. ఇంతవరకే అతని గృహనిర్వహణ. పనివాడిని పిలవాలా, మానాలా, పిలిస్తే ఎప్పుడు పిలవాలి అనే మీమాంస అతనికి లేదు. పాతికేళ్లుగా ఈ సుఖానికి అలవాటుపడిన నేను ఆమధ్య శీతాకాల సమావేశాలకు ముందు లాస్‌పేటలో వారం రోజులు గడపవలసి వచ్చింది.

లాస్‌పేట పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు దిక్కున ఉన్నది. ఫ్రెంచి గవర్నరు లా పేరు మీదుగా ఈ పేరు వచ్చిందంటారు. విమానాశ్రయం, ఠాగూరు కళాశాల ఇక్కడివే. యానాం వారికి తమ ప్రభుత్వం ఎనిమిది వందల కిలోమీటర్ల ఆవల ఉన్నది కనుక, ఉద్యోగరీత్యా ఇంత దూరం వచ్చి ఇక్కడే ఇళ్లు కట్టుకున్న తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నవి. మా అక్కయ్య కుటుంబం వాటిలో ఒకటి. బావగారు ప్రభుత్వ సర్వీసు నుంచి విరమించి పదహారేళ్లయింది. వాషరు మార్చడం, సున్నం వేయడం, డాబా మీద పగుళ్లు పూడ్చడం సమస్తం స్వహస్తాలతోనే. పనివాడిని పిలవడమంటే ఆయన దృష్టిలో అధికారపక్షం సంయుక్త పార్లమెంటరీ సంఘానికి ఒప్పుకోవడం వంటిది.

పిల్లలు వెళ్లిపోయాక మూసి ఉంచిన వెనుక గదిని నాకోసం తెరిచారు. ఆ గది స్నానాలగదిలో కుళ్లిన కోడిగుడ్డు వాసన. బావగారు ఫినాయిలు పోశారు, ఊదువత్తి వెలిగించారు. మూడవ నాటికి, “ఏమోయ్ బావా, వాసన తగ్గింది చూశావా?” అన్నారు విజయగర్వంతో.

నాకు ఆ మాట వినగానే గుండె ఝల్లుమన్నది. కారణం చెప్పాలి. 2024 జూన్ 11న, లాస్‌పేటకు ఎంతో దూరం లేని రెడ్డియార్‌పాళయంలో, మురుగుకాలువలోని విషవాయువు మరుగుదొడ్ల గుండా ఇళ్లలోకి ఎగదన్ని ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఒకరు 15 ఏళ్ల బాలిక. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడుకు ఒక దుర్గుణం ఉన్నది. కొద్దిగా ఉన్నప్పుడు దుర్వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే మన ముక్కునే మొద్దుబారుస్తుంది. కనుక వాసన తగ్గినంత మాత్రాన ప్రమాదం తగ్గినట్లు కాదు.

బావగారి వాదంలో సత్యం లేకపోలేదు. గొట్టంలో నీరు నిలిచే వంపు ఒకటి ఉంటుంది. దానిని ట్రాప్ అంటారు. ఆంగ్ల సాహిత్యంలో పట్టా పుచ్చుకున్న నాకు ఆ మాటకు ఉచ్చు అనే అర్థమే తెలుసు. ఈ ఉచ్చులో పడేది వాయువు. రెండంగుళాల నీరు అడ్డునిలిచి దానిని లోపలికి రానివ్వదు. వాడని గదిలో ఆ నీరు ఆవిరైపోతుంది, దారి తెరుచుకుంటుంది. “చెంబెడు నీళ్లు పోస్తే పోయేదానికి మేస్త్రి ఎందుకు?” అన్నారాయన. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని నేనూ ఒప్పుకున్నాను. అయితే ఒక సవరణ ప్రతిపాదించాను. కిటికీ తెరిచి ఉంచుదాము, నీళ్లు పోసి ఒక రాత్రి చూద్దాము, మళ్లీ వాసన వస్తే తెల్లవారి మనిషిని పిలుద్దాము. సవరణ ఆమోదం పొందింది. నా పడక ముందుగదిలోకి మారింది.

ఆయన అపనమ్మకానికీ హేతువు ఉన్నది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను ఇక్కడే తీరం దాటినప్పుడు ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. ఆ తరువాత డాబాకు పూత పూస్తానని వచ్చిన ఒక కాంట్రాక్టరు డబ్బు పుచ్చుకుని పూత పూశాడు. మరుసటి వానకు డాబా యథాప్రకారం కారింది. ప్రావీణ్యం ఉన్నవాడెవడో, ఉన్నదని చెప్పుకునేవాడెవడో సామాన్య గృహస్థు ఎట్లా తెలుసుకోవడం?

ఆ సాయంకాలం సముద్రతీరానికి నడిచాము. అక్కడి మేరీ భవనం ముందు బావగారు ఆగిపోయారు. 1870 ప్రాంతంలో ఫ్రెంచివారు కట్టిన పురపాలక భవనం అది. 2014 నవంబరు చివర, మరమ్మతుల మాట నడుస్తూ ఉండగానే, వానలకు కూలిపోయింది. అదే రూపంలో తిరిగి నిర్మించి, 2021 ఫిబ్రవరిలో ప్రధానిచేత ప్రారంభింపజేశారు. వ్యయం సుమారు 15 కోట్లు. “ఫైలు నడుస్తూనే ఉందోయ్ అప్పుడు,” అన్నారు, ఫైళ్ల మధ్య జీవితం గడిపిన మనిషి.

అదను చూసి నేను ఇంటి ముందరి సజ్జా సంగతి ఎత్తాను. పెచ్చులూడి ఇనుపకడ్డీ బయటపడింది. ఉప్పుగాలికి కడ్డీ తుప్పు పడుతుంది, తుప్పు ఉబ్బి కాంక్రీటును పగలదీస్తుంది. పైన సిమెంటు మెత్తితే కళ్లకు కనబడదు, లోపల పని సాగుతూనే ఉంటుంది. వానకు ముందు డాబా తూముల్లో ఆకులు తీయడం గృహస్థు పని. కడ్డీ కనిపించాక ఇంజనీరు పని. బావగారు ఊరుకోలేదు. “2024 ఆగస్టులో మీ కొత్త పార్లమెంటు లాబీలో వాన కారితే కింద బకెట్టు పెట్టారు గదా! అక్కడ నిపుణులకు కరువా?” అన్నారు. గాజు గుమ్మటాన్ని అతికించిన పదార్థం కాస్త తొలగిందని లోక్‌సభ సచివాలయం ఇచ్చిన వివరణే నేనూ అప్పగించాను. అది ఆయనకు తృప్తినివ్వలేదు. నాకూ ఇవ్వలేదనుకోండి.

తెల్లవారేసరికి వాసన మళ్లీ వచ్చింది. పొరుగాయన ఒక ఉపాయం చెప్పాడు. చవకలో మురుగుతొట్టిలోకి దిగి చూసే మనిషి ఉన్నాడట. ఈ విషయంలో మాత్రం నేను బావగారి మాటకైనా ఆగేవాడిని కాను. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగులోకి దించడాన్ని నిషేధించే చట్టాన్ని పార్లమెంటు 2013 సెప్టెంబరులో ఆమోదించింది. అటువంటి మరణానికి పరిహారం 30 లక్షలకు తగ్గరాదని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. చట్టం ఉన్నది, దిగే మనుషులూ ఉన్నారు, దించే గృహస్థులూ ఉన్నారు. మన ఇంటి వాసన పోవడానికి మరొకరి ఊపిరి పణంగా పెట్టడం పనివాడిని పిలవడం కాదు. బావగారు నా మాట కాదనలేదు.

ఈ చర్చ సాగుతుండగానే అక్కయ్య ప్లంబరుకు ఫోను చేసింది. ఓటింగు లేకుండానే తీర్మానం నెగ్గింది.

వచ్చినవాడు తమిళుడు, మితభాషి. నేలలోని జాలీ తీసి, లైటు వేసి చూసి, ఒక్కటే అడిగాడు: ఈ గొట్టం బిగించింది ఎవరు? రెండంగుళాల నీరు నిలవడానికి అక్కడ వంపు లేనే లేదు. గొట్టం తిన్నగా వీధి మురుగుకాలువకు కట్టిన తొట్టిలోకి పోతున్నది. మేము పోసిన చెంబెడు నీళ్లూ తిన్నగా అందులోకే పోయినవి. గదికి కొత్త పలకలు పరిచిననాడు పాత జాలీ పీకి కొత్త గొట్టం అమర్చింది బావగారే. అప్పుడు బాగానే అమరింది కూడా. నీరు పోయింది, ఎక్కడా కారలేదు. వాషరు తప్పు బిగిస్తే తెల్లవారేసరికి నేల తడిసి తప్పు చెబుతుంది. ఈ తప్పు ఏళ్ల తరబడి నోరు మెదపలేదు.

సంక్రాంతికి మనుమలు వచ్చి పడుకోవలసింది ఆ గదిలోనే. బావగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తన పనిముట్ల పెట్టె తెచ్చి ప్లంబరు పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. ట్రాప్ ఎక్కడ పెడుతున్నాడు, వాయువు పైకి పోయే గొట్టాన్ని డాబాకన్న ఎత్తుగా ఎందుకు నిలుపుతున్నాడు అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నారు. మధ్యాహ్నానికి పని పూర్తయింది. అడిగిన కూలి బేరమాడకుండా ఇచ్చారు. అక్కయ్య ఆశ్చర్యం చెప్పనలవి కాదు.

సజ్జా విషయం ఇంకా పరిశీలనలో ఉన్నదని ఆమె ఉత్తరం రాసింది. ఇంజనీరును అడుగుదామన్నారట, ఎప్పుడో చెప్పలేదట. నేను ఢిల్లీ వచ్చేసరికి మా వంటింటి కుళాయి కారుతున్నది. ఫిర్యాదు నమోదయింది.