ఆకాశయానానికి ఆనవాలు

సముద్రం మీదుగా ఎగిరివెళ్ళిన ఆంజనేయస్వామికి కూడా అశోకవనంలో ఆనవాలు చూపక తప్పలేదు. రాములవారి ఉంగరం చూశాకగాని సీతమ్మ తల్లికి పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఇక టిక్కెట్టు కొని ఎగిరే మనబోటివాళ్ళం ఆనవాలు లేకుండా విమానాశ్రయం గడప దాటగలమా?

పోయిన వేసవిలో ఈ సంగతి మాకు బాగా తెలిసివచ్చింది. ఢిల్లీలో మా అత్తగారి తమ్ముడికి గుండె ఆపరేషను. "ఆపరేషనుకు వెళ్ళేముందు అక్కయ్యను ఒక్కసారి చూడాలని వుంది" అని కబురు చేశారాయన. రైలులో అయితే ఒక పగలూ ఒక రాత్రీ. విమానంలో అయితే రెండున్నర గంటలు. డెబ్బయి రెండేళ్ళ వయస్సులో అత్తగారు మొదటిసారి విమానం ఎక్కడానికి సిద్ధపడ్డారు.

మావారు ఇద్దరికీ టిక్కెట్లు కొన్నారు. నేను మందులూ, తమ్ముడికి ఇష్టమని ఆవిడ పెట్టిన మాగాయా సర్దాను. దారిలో పోతుందేమోనన్న భయంతో ఆవిడ ఆధార్ కార్డును బీరువాలో భద్రంగా దాచి, దాని జిరాక్సు కాపీని సంచిలో పెట్టాను. జాగ్రత్త అనుకొని నేను చేసిన పొరపాటు అదే.

విమానాశ్రయం ద్వారం దగ్గర జవాను ఆ కాగితం చూసి, "జిరాక్సు చెల్లదమ్మా, అసలుది చూపండి" అన్నాడు వచ్చీరాని తెలుగులో, మర్యాదగానే. ఇల్లు గంటన్నర దూరం. మావారు ఫోనులో ఆధార్ తెరవబోయారు. అలా తెరవాలంటే ఒక రహస్య సంఖ్య రావాలి. అది కార్డుకు జతపరచిన ఫోనుకే వస్తుంది. ఆ నంబరు మా మామగారిది. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆయనతోపాటే ఆ నంబరూ పోయింది. అత్తగారు ఏమీ అనలేదు. కళ్ళు మాత్రం చెమర్చాయి.

"ఫొటో వున్నది మరేదైనా వుందా అమ్మా?" అని ఆ జవానే అడిగాడు. ఆవిడ సంచి అడుగునుంచి గుడ్డలో చుట్టిన బ్యాంకు పాసుపుస్తకం తీశారు. పింఛను డబ్బు జమ అయ్యేది అందులోనే కాబట్టి ఏ వూరు వెళ్ళినా దాన్ని విడిచిపెట్టరు. జాతీయ బ్యాంకు పుస్తకం. మొదటి పుటలో ఫొటో, దానిమీద బ్యాంకు ముద్ర. జవాను ఫొటోనూ, ముఖాన్నీ, టిక్కెట్టు మీది పేరునూ పోల్చిచూసి, "వెళ్ళండమ్మా" అన్నాడు. ఆ సాయంకాలం ఆవిడ తమ్ముడి మంచం పక్కన కూర్చున్నారు.

ఇంత గట్టి తనిఖీ ఎందుకని విసుక్కునేవారు వున్నారు. 1999 డిసెంబరులో ఖాట్మండూనుంచి ఢిల్లీ వస్తున్న మన విమానాన్ని దుండగులు కాందహార్‌కు తరలించుకుపోయారు. ఆ తరువాతనే, 2000 ఫిబ్రవరిలో జైపూరుతో మొదలుపెట్టి, విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి అప్పగించారు. టిక్కెట్టు మీది మనిషీ, వచ్చిన మనిషీ ఒకరేనని తేల్చుకోవడం వారి పని.

దేశంలోపలి ప్రయాణానికి ఏయే ఆనవాళ్ళు చెల్లుతాయో పౌర విమానయాన భద్రతా సంస్థ 2017 అక్టోబరులో ప్రకటించింది. అవి పది: పాస్‌పోర్టు, ఓటరు కార్డు, ఆధార్ లేదా ఫోనులోని ఎం-ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగు లైసెన్సు, ప్రభుత్వోద్యోగుల కార్డు, విద్యార్థుల గుర్తింపు కార్డు, ఫొటోవున్న జాతీయ బ్యాంకు పాసుపుస్తకం, ఫొటోవున్న పింఛను పత్రం, వికలాంగుల గుర్తింపు కార్డు. వీటిలో ఏ ఒక్కటి వున్నా చాలు. కాని అసలుదే వుండాలి. ఏదీ లేనివారు గ్రూపు-ఎ గజిటెడు అధికారి ఫొటోతో ఇచ్చిన ధ్రువపత్రం చూపవచ్చు.

తల్లిదండ్రుల దగ్గర సరైన గుర్తింపు వుంటే వెంట వెళ్ళే మైనరు పిల్లలకు వేరే కార్డు అక్కరలేదు. అయితే రెండేళ్ళలోపు పసివాళ్ళ వయస్సుకు విమాన సంస్థవారు రుజువు అడుగుతారు. జనన ధ్రువపత్రం దగ్గర వుంచుకోవాలి.

మన తెలుగువారికి ప్రత్యేకంగా మరొక చిక్కు వున్నది. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనుక. టిక్కెట్టు పత్రంలో అది తలకిందులు. ఒక కార్డులో ఇంటిపేరు పొడి అక్షరం, ఇంకొకదానిలో పూర్తిగా. పెళ్ళయిన ఆడపిల్లకు ఒకచోట పుట్టింటిపేరు, మరొకచోట అత్తింటిపేరు. అందువల్ల ఏ కార్డు తీసికొని వెళ్తారో ముందే నిర్ణయించుకొని, అందులోని పేరునే టిక్కెట్టుమీద వేయించండి. ఇంట్లో పిలిచే ముద్దుపేర్లు అక్కడ పనికిరావు. టిక్కెట్టు చేతికి రాగానే ప్రతి అక్షరం చదవండి. విమాన సంస్థ దగ్గరే నేరుగా కొని, 24 గంటలలోపు అక్షర దోషం తెలియజేస్తే, దిద్దినందుకు అదనపు రుసుము వసూలు చేయరాదన్న నియమం వున్నది.

ఇప్పుడు ముఖమే ఆనవాలుగా లోపలికి పంపే డిజీయాత్ర అనే ఏర్పాటు కూడా వచ్చింది. 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగుళూరు, వారణాసులలో ప్రారంభమై, 2023లో హైదరాబాదుకూ విజయవాడకూ చేరింది. ఇష్టమైనవారే అందులో చేరవచ్చు, నిర్బంధం లేదు. చేరినా, కార్డు మాత్రం వెంట వుండడం మంచిది.

ఢిల్లీనుంచి రాగానే అత్తగారిని ఆధార్ కేంద్రానికి తీసికొని వెళ్ళి, మామగారి నంబరు తీయించి మావారి నంబరు చేర్పించాము. మీ ఇంట్లో పెద్దవారి కార్డుకు ఎవరి నంబరు జతపడివున్నదో ఈ పూటే చూసుకోండి. ప్రయాణం అడావుడిలో అది గుర్తుకు రాదు. ఆవిడ తమ్ముడు కులాసాగా వున్నారు. ఇప్పుడు అత్తగారి సంచిలో అసలు కార్డు వుంటున్నది. పాసుపుస్తకమూ వుంటున్నది.

"ఇంకా అదెందుకండీ?" అంటే, "దానికి చార్జింగు పెట్టనక్కరలేదు గదమ్మా" అంటారు.