చక్రం మీద ఇనుప మరక

దసరా వెళ్లిన మర్నాడు సూరత్‌లోని లింబాయత్ సందుల్లో తిరిగితే ఎక్కడ చూసినా చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు, చక్రాల మీద పసుపు చారలు, కుంకుమ బొట్లు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉంటున్న చోటు అది. నగరపాలిక ఇక్కడ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుంది. ఆ సందుల్లోనే ఒక ఇంటి ముందు మా మేనమామ కారు చక్రాలు కడగడానికి కూర్చున్నాను.

సబ్బు తగలగానే పసుపు ఎర్రబారింది. క్షారం తగిలితే పసుపు చేసే పనే అది, కంగారు పడక్కర్లేదు. మిగిలిన మరకను నాలుగు రోజుల ఎండే తీసేస్తుంది, పసుపులోని రంగు వెలుతురుకు నిలవదు. కానీ ముందు చక్రాల వెండి రంగు పెయింటు మీద ఆవగింజలో సగం కూడా లేని గోధుమరంగు చుక్కలు వందల కొద్దీ ఉన్నాయి. సబ్బుకు కదల్లేదు, గుడ్డకు కదల్లేదు. గిన్నెలు తోమే ఇనుప పీచు అందుకున్నాను. మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"గీకితే పోయేది కాదు అల్లుడా. అది మురికి కాదు, ఇనుము."

పాండేసరాలోని ఒక డైయింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు చీరలకు రంగులద్దిన మనిషి ఆయన. ఆ ఒక్క మాటలో ఎంత రసాయనశాస్త్రం ఉందో తర్వాత చదువుకుంటే గాని నాకు అర్థం కాలేదు.

చక్రం మీదికి ఇనుము ఎక్కడి నుంచి వస్తుంది? బ్రేకు నుంచి. 1902లో బర్మింగ్‌హామ్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే బిళ్లను రెండు వైపుల నుంచీ నొక్కిపట్టి ఆపడమే ఉపాయం. ఆయన రాపిడికి రాగి వాడాడు. బ్రేకు పడుతుంది గాని కీచుమనే చప్పుడు భరించరానిది. కొన్నేళ్లకు హెర్బర్ట్ ఫ్రూడ్ రాతినారతో చేసిన పట్టీలు తెచ్చాక ఆ గోల తగ్గింది. (ఊపిరితిత్తులకు ఆ రాతినార ఎంత చేటో లోకానికి తెలియడానికి చాలా కాలం పట్టింది.) అయినా లోకం చాలాకాలం డ్రమ్ము బ్రేకులతోనే నడిచింది. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కులు బిగించిన జాగ్వార్ సి-టైప్ గెలిచింది. డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంటే, ఈ బండి మలుపు దగ్గరికి వచ్చాక కూడా ధైర్యంగా ఆగగలిగింది. రెండేళ్లకు సిత్రోయెన్ డీఎస్ పెద్ద సంఖ్యలో తయారయ్యే రోడ్డు కారుకు కూడా డిస్కులు తెచ్చింది.

డ్రమ్ము తన పొడిని తనలోనే దాచుకునేది. డిస్కు బయట ఉంటుంది. పోత ఇనుప బిళ్ల, ఉక్కు నార కలిసిన ప్యాడ్ ఒరుసుకుని, బ్రేకు తొక్కిన ప్రతిసారీ కంటికి కనపడని తునకలు వేడివేడిగా ఎగిరి పక్కనే ఉన్న చక్రం మీద పడతాయి. మన దేశంలో చాలా చిన్న కార్లకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. పైగా ఆపే పనిలో ఎక్కువ భారం ముందు చక్రాలదే. అందుకే ముందు చక్రాలు ఎప్పుడూ ఎక్కువ మరకపడి ఉంటాయి. మీ కారు దగ్గరికి వెళ్లి చూడండి, తేడా కనిపిస్తుంది. రైలు పట్టాల పక్కన నిలిపే బండ్లకు ఇంకో వాటా ఉంటుంది. పట్టా, రైలు చక్రం రాసుకుని లేచే ఇనుప ధూళి వాటి మీదా వాలుతుంది. ఉధ్నా స్టేషను ఎంతో దూరం లేని ఈ పేటలో ఆ మాట తీసిపారేయలేం.

కాలుతున్న తునక పెయింటు పైపొరలో నాటుకుంటుంది. తర్వాత తేమ తగులుతుంది. అరేబియా సముద్రం మీంచి, డుమస్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి తోడవుతుంది. ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది. ఉబ్బి, తను దిగబడిన గుంటను ఇంకా వెడల్పు చేసుకుంటుంది. అంటే పైకి కనిపించే గోధుమరంగు చుక్కకు కింద వేరు ఉంది. దాన్ని ఇనుప పీచుతో తోమితే చుక్క తల తెగుతుంది, వేరు ఉండిపోతుంది. చుట్టూ పారదర్శక పొర మీద గీతలు పడి, రేపటి పొడి దిగడానికి కొత్త దారులు తెరుచుకుంటాయి. మామ నా చెయ్యి పట్టుకున్నది అందుకే.

ఈ మరకకు సూరత్‌లో రెండు విద్యలు దొరుకుతాయి. రెండూ ఈ ఊరి పరిశ్రమలవే.

మొదటిది వజ్రాలది. సానపట్టిన వజ్రాన్ని ఇక్కడ ఆమ్లాల్లో మరిగించి మరకలు తీస్తారు. లోతైన మచ్చలకైతే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దాకా వెళ్తారు. వజ్రం గట్టి కర్బనం, ఆ స్నానానికి చలించదు. చక్రం అలా కాదు. అల్యూమినియం మిశ్రమలోహపు చక్రాలకు పేరు తెచ్చింది 1924 నాటి బుగాటి టైప్ 35. అల్యూమినియం తేలిక, అందం, కానీ ఆమ్లం తగిలితే తినేసుకుపోతుంది. దానికున్న కవచం పెయింటు పొరలే. బలమైన ఆమ్లం చుక్కనూ తీస్తుంది, కవచాన్నీ మసకబారుస్తుంది, పగులు దొరికితే కింద లోహాన్ని కొరుకుతుంది. అయినా చక్రాల క్లీనర్లలో ఇలాంటి ఆమ్లాలు, అమ్మోనియం బైఫ్లోరైడ్ లాంటి లవణాలు చేరాయి, పని త్వరగా అయిపోతుంది కనుక.

రెండోది రంగుల మిల్లుది. నీళ్లలో కాస్త ఇనుము ఉన్నా బట్ట రంగు మాడిపోతుందని మామ లాంటి వాళ్లందరికీ తెలుసు. ఇనుమును కొట్టి పోగొట్టరు, పట్టి కట్టేస్తారు. మన ఇళ్లలో చొక్కా మీది తుప్పు మరకకు నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టేది ఈ సూత్రంతోనే. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఇనుమును గోళ్లతో పట్టినట్టు పట్టి నీళ్లలోకి లాగుతుంది. దిగుమతి చేసుకునే ఆ సిట్రిక్ ఆమ్లానికి బదులు ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతూ జర్మనీలో ఫెర్డినాండ్ మ్యూంజ్ 1935లో ఈడీటీఏ అనే పదార్థానికి పేటెంటు తీసుకున్నాడు. బట్టల రంగు పరిశ్రమ కోసం పుట్టిన పదార్థం అది, ఇప్పుడు సబ్బుల్లో, మందుల్లో అంతటా ఉంది.

కానీ చక్రం మీది తుప్పును అసలు కరిగించే ద్రవం వచ్చింది ఇంకో దారిన, జుట్టు నుంచి. 1934లో డేవిడ్ గొడ్డార్డ్, లియొనార్ మికేలిస్ అనే శాస్త్రవేత్తలు కెరటిన్ మీద పరిశోధన చేస్తూ, థయోగ్లైకోలిక్ ఆమ్లం వెంట్రుకలోని గంధకపు బంధాలను విప్పగలదని చూపించారు. 1940ల నాటికి దాని ఆధారంగానే వేడి అక్కర్లేకుండా జుట్టును ఉంగరాలు తిప్పే ద్రవాలు వచ్చాయి. ఆ ద్రవాలకు ఒక పెద్ద చిక్కుండేది. ఇనుప పాత్రకో, ఇనుప క్లిప్పుకో తగిలితే ఊదారంగుకు తిరిగేవి. అందుకని తయారీదారులు ఇనుమును దగ్గరికి రానిచ్చేవారు కాదు.

ఆ చిక్కే చక్రానికి వరమైంది. తుప్పులో ఉన్న ఇనుము నీళ్లలో కరగని రూపంలో ఉంటుంది. ఆ ఆమ్లపు లవణమైన థయోగ్లైకోలేట్ దానికి ఎలక్ట్రాన్ ఇచ్చి కరిగే రూపానికి మారుస్తుంది, కరిగినదాన్ని పట్టుకుని ఊదారంగు సమ్మేళనం చేస్తుంది. ఆమ్లగుణం లేకుండా దాదాపు తటస్థంగా తయారు చేయవచ్చు కనుక పెయింటు జోలికి పోదు. వంకాయ రంగు చారలు చక్రం మీద జారుతుంటే ఇనుము కరుగుతోందని మనకు కళ్లారా తెలుస్తుంది. వాసన మాత్రం మురిగిన గుడ్డుది. గంధకం ఉన్నాక తప్పదు.

మామ చెప్పిన పద్ధతి ఇది. చక్రం చల్లారాలి, ఎండలో ఉండకూడదు. ముందు నీళ్లతో మట్టి వదిలించాలి, లేకపోతే ద్రవం దుమ్ము మీదే ఖర్చైపోతుంది. తర్వాత ద్రవం చల్లి రెండు మూడు నిమిషాలు ఆగాలి, ఆరిపోనివ్వకూడదు. మెత్తటి కుంచెతో తిప్పి, బాగా కడిగి, అవసరమైతే మళ్లీ చల్లాలి. రెండో విడతలో ఊదారంగు తగ్గితే ఇనుము తగ్గినట్టు. తారు చుక్కలకు ఈ ద్రవం పనికిరాదు, దానికి కిరోసిన్ లాంటి ద్రావకం కావాలి. బోరు నీళ్లు ఆరిన తెల్ల మచ్చలకు వెనిగరు చాలు, అది కూడా పలచగా. మా చక్రాల మీద మూడు విడతల తర్వాత పది పదిహేను చుక్కలు మిగిలాయి. వాటిని గోటితో కూడా ముట్టుకోనివ్వలేదు మామ. "ఇంకో వారం ఆగు. పెయింటు మిగలాలి గదా."

ఈ మరక తగ్గే కాలం కూడా వస్తోంది. ఐరోపాలో 2024లో ఆమోదం పొందిన యూరో 7 వాహన కాలుష్య నిబంధనలు బ్రేకు ధూళికి తొలిసారి హద్దు పెట్టాయి. చాలా కార్లకు అది కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు. మోటారుతోనే వేగం తగ్గించుకునే విద్యుత్ కార్లు బ్రేకు తొక్కే పనినే తగ్గిస్తున్నాయి. అప్పటిదాకా మన చక్రాలను ఎవరో ఒకరు కడుగుతూనే ఉంటారు, చాలాచోట్ల వట్టి చేతులతో.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడితే మంట వెంటనే తెలియకపోవచ్చు. లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. పడితే ధారగా నీళ్లు పోసి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాసి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. థయోగ్లైకోలేట్ అంత ప్రమాదం కాకపోయినా చర్మాన్ని మండిస్తుంది. ఈసారి బండి కడిగించుకునేటప్పుడు సీసా మీది పేర్లు చదవండి. హైడ్రోఫ్లోరిక్ అనో బైఫ్లోరైడ్ అనో ఉంటే వద్దని చెప్పండి. కడిగే కుర్రవాడి చేతులకు తొడుగులు లేకపోతే ఒక జత కొనిపెట్టండి.