తుపాకీ తిప్పిన సైనికుడు!

సైన్యంలో చేరిన కుర్రాడికి మొట్టమొదట నేర్పేది క్రమశిక్షణ. పై అధికారి చెప్పాడంటే చేసి తీరాల్సిందే. మరి ఆ చెప్పిందే అన్యాయమైతే? ఎదురుగా ఉన్నది శత్రువు కాక పసిపిల్లలైతే? వియత్నాం యుద్ధంలో ఓ అమెరికన్ పైలట్‌కి సరిగ్గా ఈ ప్రశ్నే ఎదురైంది. జవాబు వెతుక్కోవడానికి అతనికి దొరికింది కొద్ది నిమిషాలే. ఆ జవాబు సరైనదేనని దేశం ఒప్పుకోవడానికి మాత్రం ముప్ఫై ఏళ్లు పట్టింది!

1968 మార్చి 16. దక్షిణ వియత్నాంలోని క్వాంగ్ న్గాయ్ ప్రాంతం. మై లాయ్ అనే పల్లెలో వియత్‌కాంగ్ గెరిల్లాలు ఉన్నారని అమెరికా సైన్యానికి సమాచారం అందింది. పొద్దున ఏడున్నర ప్రాంతంలో చార్లీ కంపెనీ సైనికులు హెలికాప్టర్లలో వచ్చి దిగారు. తీరా చూస్తే ఊళ్లో ఉన్నది ఆడవాళ్లూ ముసలివాళ్లూ పిల్లలూ. పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. ఎదురు కాల్పులన్న మాటే లేదు. అయినా తుపాకులు పేలాయి. ఇళ్లు తగలబడ్డాయి. జనాన్ని గుంపులుగా పొలాల పక్కనున్న కాలువ దగ్గరికి తోలుకెళ్లి కాల్చేశారు. అమెరికా సైన్యం తరువాత తేల్చిన లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు 347 మంది. వియత్నాం లెక్కలో 504 మంది.

పైనుంచి చూస్తే...

అదే సమయంలో ఊరిమీద ఓ చిన్న హెలికాప్టర్ తిరుగుతోంది. తక్కువ ఎత్తులో ఎగురుతూ శత్రువు జాడ కనిపెట్టడం దాని పని. నడుపుతున్న హ్యూ థాంప్సన్ వయసు ఇరవై నాలుగు. జార్జియాలోని స్టోన్ మౌంటెన్‌లో పెరిగాడు. వెంట ఉన్న ఇద్దరూ అతనికన్నా చిన్నవాళ్లు. గ్లెన్ ఆండ్రియోటాకి ఇరవై ఏళ్లు, మెషీన్‌గన్ దగ్గర కూర్చున్న లారెన్స్ కోల్‌బర్న్‌కి పద్ధెనిమిది.

గాయాలతో పడివున్న ఊరివాళ్లు కనిపిస్తే థాంప్సన్ వాళ్ల పక్కన ఆకుపచ్చ పొగ గుర్తు వేశాడు. సాయం చేయమని కింది సైనికులకు అది సంకేతం. కాసేపటికి వెనక్కి వచ్చి చూస్తే వాళ్లంతా శవాలై ఉన్నారు. గాయపడిన ఓ అమ్మాయిని ముగ్గురూ చూస్తుండగానే ఓ అధికారి కాల్చేశాడు. ఇది యుద్ధం కాదని వాళ్లకు అర్థమైపోయింది.

థాంప్సన్ కాలువ పక్కన దిగాడు. బతికున్నవాళ్లకు సాయం చేయమని అడిగాడు. అక్కడున్న లెఫ్టినెంట్ విలియం కాలీ నుంచి వచ్చిన జవాబు... తాను ఆదేశాలు పాటిస్తున్నానని, నీ పని నువ్వు చూసుకోమని! హెలికాప్టర్ పైకి లేచిందో లేదో కాలువ దగ్గర మళ్లీ కాల్పులు.

ఇంతలో మరో దృశ్యం. కొందరు ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లూ ప్రాణభయంతో ఓ బంకర్‌లోకి పరుగెడుతున్నారు. వెనకే అమెరికన్ సైనికులు. థాంప్సన్ ఇక ఆలోచించలేదు. రెండు గుంపులకూ మధ్యలో హెలికాప్టర్‌ని దించేశాడు. ఊరివాళ్లమీద కాల్పులు జరిపితే మనవాళ్లనైనా సరే కాల్చేయమని తన ఇద్దరు సహచరులకూ చెప్పి, తుపాకీ కూడా పట్టుకోకుండా బంకర్ వైపు నడిచాడు. లోపలున్నవాళ్లను సైగలతో ఒక్కొక్కరినే బయటికి రప్పించాడు. దాదాపు పదిమంది. తన బుల్లి హెలికాప్టర్‌లో అంతమందికి చోటు లేదు. పైన ఎగురుతున్న పెద్ద హెలికాప్టర్‌ని రేడియోలో పిలిచి, వాళ్లందరినీ సురక్షితమైన చోటికి పంపించాడు. ఒక్క తూటా కూడా కాల్చాల్సిన అవసరం రాలేదు.

వెళ్తూ వెళ్తూ మళ్లీ కాలువ మీదుగా ఎగిరితే శవాల మధ్య ఏదో కదిలింది. ఆండ్రియోటా అందులోకి దిగి, ఒళ్లంతా రక్తంతో ఉన్న ఓ పసివాడిని పైకి తీశాడు. పిల్లాడికి గాయాల్లేవు. వాడిని ఒళ్లో పెట్టుకుని క్వాంగ్ న్గాయ్ ఆసుపత్రికి చేర్చారు. స్థావరానికి చేరగానే థాంప్సన్ జరిగిందంతా కోపంతో ఊగిపోతూ అధికారుల ముందు పెట్టాడు. ఆ తరువాతే కాల్పులు ఆపమన్న ఆదేశం వెళ్లింది.

అబద్ధానికి ఓ పతకం!

సైన్యం ప్రకటన ఏమందో తెలుసా? 128 మంది శత్రువులు హతమయ్యారట. దొరికిన ఆయుధాలు మాత్రం మూడే! థాంప్సన్‌కి ఓ పతకం కూడా ఇచ్చారు. భీకరమైన ఎదురుకాల్పుల మధ్య నుంచి పిల్లాడిని కాపాడాడని అందులో రాశారు. జరగని ఎదురుకాల్పుల పేరుతో వచ్చిన ఆ పతకాన్ని అతను విసిరికొట్టాడు. మూడు వారాలకే ఆండ్రియోటా యుద్ధంలో చనిపోయాడు. ఆ తరువాత హెలికాప్టర్ కూలి థాంప్సన్ వెన్ను విరిగింది.

ఏడాదికి పైగా విషయం బయటికి పొక్కలేదు. రాన్ రైడెనవర్ అనే మాజీ సైనికుడు తాను విన్నదంతా రాసి 1969 మార్చిలో పార్లమెంటు సభ్యులకు, ప్రభుత్వ పెద్దలకు లేఖలు పంపాడు. నవంబరులో పాత్రికేయుడు సేమూర్ హెర్ష్ కథనాలు, ఆ రోజు అక్కడే ఉన్న సైనిక ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలు పత్రికల్లో రావడంతో ప్రపంచం నివ్వెరపోయింది.

విచారణలో థాంప్సన్ చూసింది చూసినట్టు చెప్పాడు. ప్రతిఫలంగా దక్కింది... చంపుతామన్న ఫోన్లు. పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో చచ్చిన జంతువులు. సాటి సైనికుల చీదరింపు. శిక్షించాల్సింది ఎవరినైనా ఉంటే అది థాంప్సన్‌నేనని ప్రతినిధుల సభలోని సాయుధ దళాల కమిటీ అధ్యక్షుడు మెండెల్ రివర్సే అన్నాడు!

ఆదేశాల మేరకే చేశానన్న కాలీ వాదన మాత్రం సైనిక కోర్టులో చెల్లలేదు. మామూలు బుద్ధి ఉన్న ఎవరికైనా తప్పని తెలిసిపోయే ఆదేశాన్ని పాటిస్తే, ఆదేశం ఉందన్న సాకు పనికిరాదన్నదే అక్కడి న్యాయసూత్రం. సైనికుడు తలవంచాల్సింది చట్టబద్ధమైన ఆదేశానికే. 1971లో కాలీకి యావజ్జీవ శిక్ష పడింది. కానీ ప్రజల్లో అతని మీదే సానుభూతి వెల్లువెత్తింది. అధ్యక్షుడు నిక్సన్ జోక్యంతో జైలుకి బదులు గృహనిర్బంధంలో ఉంచారు. 1974లో వదిలేశారు. ఇంత మారణకాండలో దోషిగా తేలింది అతనొక్కడే.

ఆలస్యంగానైనా...

ఓ టీవీ డాక్యుమెంటరీలో థాంప్సన్ కథ చూసిన డేవిడ్ ఈగన్ అనే ప్రొఫెసర్, అతనికి గుర్తింపు దక్కాలని ఏళ్ల తరబడి ఉత్తరాలు రాశాడు. సైన్యం చివరికి దిగొచ్చింది. చడీచప్పుడు లేకుండా పతకం చేతికిచ్చేద్దామనుకుంది. థాంప్సన్ ఒప్పుకోలేదు. తన ఇద్దరు సహచరులకూ ఇవ్వాలన్నాడు. వియత్నాం అమరవీరుల స్మారకం దగ్గర, నలుగురి ముందూ ఇవ్వాలన్నాడు. 1998 మార్చి 6న వాషింగ్టన్‌లో అలాగే జరిగింది. స్మారకం గోడమీద పేరున్న ఆండ్రియోటాకి మరణానంతరం ‘సోల్జర్స్ మెడల్’ దక్కింది.

అదే నెలలో థాంప్సన్, కోల్‌బర్న్ మై లాయ్ వెళ్లారు. ప్రాణాలతో బయటపడిన ఓ మహిళ, ఆ రోజు కాల్చినవాళ్లు కూడా మీతో ఎందుకు రాలేదని అడిగిందట. కోపంతో అడుగుతోందేమో అనుకున్నాడు థాంప్సన్. వాళ్లొస్తే క్షమించేవాళ్లం కదా అని ఆమె మాట పూర్తిచేసింది. తనకైతే అంత పెద్ద మనసు లేదని అతను తరువాత చెప్పుకునేవాడు.

2006 జనవరి 6న, 62 ఏళ్ల వయసులో థాంప్సన్ క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఒకప్పుడు అతన్ని చీదరించుకున్న సైన్యమే చివరి రోజుల్లో తన అకాడమీలకు పిలిపించి, కాబోయే అధికారులకు పాఠాలు చెప్పించింది. ఎప్పుడు కాల్చాలో నేర్పేవాళ్లు సైన్యంలో బోలెడుమంది. ఎప్పుడు కాల్చకూడదో చెప్పడానికి మాత్రం అతనే కావాల్సి వచ్చాడు!