గూళ్లు ఏరితేనే ధర



పోయిన వానాకాలం పంటలో మాకు దెబ్బ తగిలింది. గూళ్లు బాగానే వచ్చాయి. కానీ తొందరపడి ఒక రోజు ముందే చంద్రికల నుంచి విడిపించాం. ప్యూపా ఇంకా లేతగా ఉండి, సంచుల్లో నలిగి గూళ్లకు మరకలు పట్టాయి. జంట గూళ్లు కూడా ఏరకుండా కలిపేశాం. రీలరు పిడికెడు తీసి చూసి మొత్తం లాటుకే రేటు తగ్గించాడు. తప్పు మాదే.

తిరిగి వస్తా హోసూరు రోడ్డులో బొమ్మసంద్ర దగ్గర టీకి ఆగాం. అక్కడి పారిశ్రామికవాడలో బయోకాన్ ఉంది. దాని కథ మనకూ పనికొస్తుంది. 1978లో కిరణ్ మజుందార్ షా బెంగళూరులో ఒక అద్దె గ్యారేజీలో, పది వేల రూపాయలతో మొదలుపెట్టారు. మొదట చేసింది బొప్పాయి పాల నుంచి తీసే పపైన్ ఎంజైమ్. అంటే తోటలో పుట్టే సరుకే. 1979కల్లా అమెరికా, యూరప్‌లకు ఎంజైములు ఎగుమతి చేశారు. అట్లా పంపాలంటే ప్రతి డబ్బా ఒకే తీరుగా ఉండాలి. తర్వాత సూక్ష్మజీవులను పెంచి ఎంజైములు తీశారు. ఆ అనుభవంతోనే 2004లో పిచియా అనే ఈస్టుతో చేసిన ఇన్సులిన్‌ను మార్కెట్లోకి తెచ్చారు. పాత పని శుభ్రంగా చేయడం వచ్చినోళ్లకే కొత్త సరుకు చేతికొచ్చింది.

ఈస్టు ట్యాంకుకూ మన షెడ్డుకూ పెద్ద తేడా లేదు. ట్యాంకులో వేరే క్రిమి చేరితే ఆ బ్యాచ్ అంతా పోతుంది. మన దగ్గర గ్రాసరీ పట్టిన ఒక్క పురుగు పాలు కారిస్తే పడకంతా అంటుకుంటుంది. కంపెనీలో ప్రతి బ్యాచ్‌కూ రికార్డు ఉంటుంది. మరి మనకు?

అందుకే ఈ పంటకు మేము నోటుబుక్కు పెట్టాం. చాకీ పురుగులు తెచ్చిన తేదీ, షెడ్డులో వేడి, తేమ, విజేత పొడి చల్లిన రోజు, చంద్రికలకు ఎక్కించిన రోజు రాస్తున్నాం. రెండు మూడు గూళ్లు కోసి, ప్యూపా గోధుమరంగుకు తిరిగి గట్టిపడిందని చూశాకే విడిపిస్తాం. మంచివి, జంటవి, మరకవి, పలచవి నాలుగు కుప్పలు పోస్తాం. జంట గూటిలో రెండు దారాలు చిక్కుపడి రీలింగ్‌లో తెగుతుంటాయి. కానీ ఏరి పక్కన పెడితే అవే డూపియన్ పట్టుకు పనికొస్తాయి. దారానికి రాని గూళ్లతో దండలు, అలంకరణ పూలు చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఏరితేనే కదా ఏది దేనికి పనికొస్తుందో తెలిసేది!

మా గూళ్లు వచ్చే వారం మార్కెట్‌కు పోతాయి. రేటు ఎంత పలికిందో, మంచి అయినా చెడ్డ అయినా, ఇక్కడే రాస్తాం. మీరు ఎట్లా ఏరుతున్నారో ఫోటో పెట్టండి.