కోయకుండా లోపల చూసే యంత్రం

నిడదవోలు జంక్షనులో భీమవరం వైపు వెళ్ళే రైలెక్కి ఎప్పుడైనా కిటికీ పక్కన కూర్చున్నారా? దారిలో కొబ్బరితోటలు కనిపిస్తాయి. ఒకేచోట నిలబడి చూస్తే ముందున్న చెట్టు వెనకున్న చెట్టును మరుగుచేస్తుంది. రైలు కదిలేకొద్దీ దాగివున్న చెట్లు ఒక్కొక్కటే బయటపడతాయి. సి.టి. స్కాన్ యంత్రం కిటుకు కూడా ఇదే!

మామూలు ఎక్స్-రే ఒకేచోట నిలబడి చూడటం లాంటిది. ఎక్స్ కిరణాలను ఎముక ఎక్కువగా, కండ తక్కువగా అడ్డుకుంటాయి. అందుకే ఫిల్ము మీద నీడలు పడతాయి. కాని ముందువాటి నీడలూ వెనకవాటి నీడలూ కలిసిపోతాయి. తలకు గట్టి దెబ్బ తగిలితే, పుర్రె లోపల రక్తస్రావం జరిగిందో లేదో ఆ నీడలో తెలియదు. సి.టి. స్కాన్‌లో తెలుస్తుంది.

సి.టి. అంటే కంప్యూటెడ్ టోమోగ్రఫీ. గ్రీకు భాషలో 'టోమోస్' అంటే ముక్క. అమ్మ అరటికాయను చక్రాలుగా తరుగుతుంది కదా! ఈ యంత్రం కత్తి లేకుండానే శరీరాన్ని పలుచని చక్రాలుగా చూపిస్తుంది.

ఎలాగో తెలియాలంటే ఒక లెక్క చేయండి. పలక మీద పైన రెండు, కింద రెండు గడులు గీయండి. ప్రతి గడిలో ఒక అంకె దాగి ఉంది. పై వరుస మొత్తం 5, కింది వరుస 9. ఎడమ నిలువు వరుస 6, కుడి నిలువు వరుస 8. అంకెలు చెప్పగలరా? పైన 1, 4; కింద 5, 4 వేస్తే సరిపోతుంది. పైన 2, 3. కింద 4, 5 వేసినా సరిపోతుంది! ఏది నిజం? ఎడమ పై గడి, కుడి కింది గడి కలిపితే 7 అని చెబితే చిక్కు విడిపోతుంది. రెండో జవాబే నిజం. ఇంకో దిక్కు నుంచి చూడటం వల్ల కలిగిన లాభం అది. యంత్రం మీ చుట్టూ వందల దిక్కుల నుంచి కిరణాలు పంపుతుంది. కంప్యూటరు లక్షల గడుల లెక్క తేలుస్తుంది.

1971 అక్టోబరు 1న లండనులోని అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటిసారి ఒక రోగి తలను ఇలా చూశారు. ఆ యంత్రాన్ని రూపొందించిన ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. ఈ లెక్కల మీద అంతకుముందే కృషి చేసిన అలన్ కార్మాక్‌తో కలిసి 1979లో ఆయన నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ 1971లోనే మన దేశపు శాస్త్రజ్ఞులు జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ఈ లెక్కను త్వరగా చేసే పద్ధతిని ప్రకటించారు. దానిలోని ముఖ్యభాగాన్ని 'రామ్-లాక్' అని వారి పేర్లతోనే పిలుస్తారు.

ఇప్పుడు మిమ్మల్ని నిడదవోలు నుంచి గోదావరి దాటించి, రాజమండ్రిలో స్కానింగుకు తీసుకువెళ్ళారనుకోండి. అక్కడేం జరుగుతుంది?

స్కాన్ తీసే భాగంలో ఉన్న లోహపు వస్తువులు, అంటే గొలుసు, చెవిపోగులు, తలపిన్నులు, తాయెత్తు తీసేయమంటారు. లోహం అడ్డుపడితే బొమ్మలో చారలు పడతాయి. తరువాత సన్నని బల్ల మీద పడుకోబెడతారు. ఆ బల్ల పెద్ద చిల్లుగారె లాంటి చట్రంలోకి మెల్లగా జరుగుతుంది. లోపల ఏదో తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఏమీ తగలదు, నొప్పి ఉండదు. టెక్నీషియను పక్క గదిలో ఉండి, అద్దంలోంచి మిమ్మల్ని చూస్తూ మైకులో మాట్లాడతాడు. కదలకూడదు. కదిలితే లెక్క తప్పుతుంది, బొమ్మ చెదిరిపోతుంది. రొమ్ము, పొట్ట చూసేటప్పుడు కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టమంటారు.

రక్తనాళాలు బాగా కనబడాలంటే ఒక్కోసారి అయొడిన్ కలిసిన మందు ఎక్కిస్తారు. అప్పుడు ఒళ్ళంతా వెచ్చబడుతుంది, నోట్లో లోహపు రుచి తగులుతుంది. కాసేపట్లో తగ్గిపోతుంది. ఇదివరకు ఏ మందైనా పడకపోయినా, ఉబ్బసం గాని మూత్రపిండాల జబ్బు గాని ఉన్నా ముందే చెప్పాలి. ఇంజక్షను తరువాత దురద, ఆయాసం కలిగితే వెంటనే చెప్పాలి.

ఎక్స్ కిరణాలు ఒంట్లో నిలిచిపోవు. అయినా అవి ఉత్తిపుణ్యానికి వాడేవి కావు. ఒక తల స్కానులో పడే కిరణాల మోతాదు సుమారు 2 మిల్లీసీవర్టులు. నేల నుంచి, ఆకాశం నుంచి ప్రకృతి సహజంగా మనకు ఒక సంవత్సరంలో అందేది ప్రపంచ సగటున 2.4. పిల్లల కణాలు త్వరత్వరగా పెరుగుతుంటాయి కనుక వారికి మోతాదు తగ్గించి తీయాలి. చిన్న బొప్పి కట్టిందని స్కాన్ చేయించుకోనక్కరలేదు. "ఇది అవసరమేనా? అల్ట్రాసౌండుతో సరిపోతుందా?" అని డాక్టరుగారిని అడగటం తప్పు కాదు. పాత ఫిల్ములు దాచి చూపిస్తే, చేసిందే మళ్ళీ చేయించుకునే బాధ తప్పవచ్చు.

కాని తలకు దెబ్బ తగిలాక స్పృహ తప్పినా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, లేపినా మగతగానే ఉన్నా ఆలస్యం చేయకూడదు. పెద్దవాళ్ళు తిడతారని దెబ్బ సంగతి దాచకండి. అలాంటప్పుడు సి.టి. స్కాన్ కొద్ది నిమిషాల్లోనే ప్రాణం కాపాడే కబురు చెప్పగలదు.