పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ – కొత్త కంప్యూటర్

మన పాత వార్షికోత్సవ వీడియోలు కొన్ని విండోస్ మూవీ మేకర్‌లో కూర్చినవే. 2000లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌కు 2017 జనవరి 10తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. డౌన్‌లోడూ తీసేశారు. ఆ పేరుతో కనిపించే సైట్లను నమ్మవద్దు, డబ్బు గుంజే నకిలీలున్నాయి. అసలు ఇన్‌స్టాలర్ సీనియర్ల దగ్గర ఉందేమో అడగండి.

64 బిట్ విండోస్‌లో 32 బిట్ ప్రోగ్రాములు సాధారణంగా నడుస్తాయి, 16 బిట్‌వి నడవవు. సెటప్ మొరాయిస్తే దానిపై రైట్‌క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ తెరిచి, విండోస్ 7 ఎంచుకోండి. అప్పటికీ కుదరకపోతే వర్చువల్‌బాక్స్‌లో లైసెన్సున్న పాత విండోస్ వేసి, అందులో ఎక్కించండి.

ముఖ్యమైన సంగతి ఒకటుంది. ప్రాజెక్టు ఫైలులో వీడియో ఉండదు. ఏ క్లిప్పు ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎక్కడ కత్తిరించాలి అన్న వివరాలే ఉంటాయి. అందుకే క్లిప్పులు, ఫొటోలు, పాటలు అన్నీ కలిపి తెచ్చుకోవాలి. ప్రాజెక్టు తెరుచుకోగానే పూర్తి వీడియోగా సేవ్ చేయండి. షాట్‌కట్, కేడెన్‌లైవ్ ఉచితమే గానీ పాత ప్రాజెక్టులను తెరవలేవు, సేవ్ చేసిన వీడియోనైతే తెరుస్తాయి.

మనలో చాలామందికి చిన్ననాటి ఫొటో ఒక్కటీ లేదు. ఈ స్టేజీ మీద ఆడిన నాటిక, చెప్పిన నాలుగు మాటలే మనకు మిగిలిన గుర్తు. వాటిని కాపాడుకుందాం.